ఉన్నది ఉన్నట్టు అంటే సరిపోదు

దొంగ వేలం నోటీసు ఎప్పుడూ అసలు నోటీసు కంటే ముచ్చటగా ఉంటుంది. విశ్వవిద్యాలయం స్టోర్స్ సెక్షన్‌లో క్లర్కుగా చేరి సూపరింటెండెంట్‌గా రిటైరైనదాన్ని. కండెమ్ చేసిన బండ్ల వేలం ఫైళ్లు నా బల్ల మీదుగా చాలానే నడిచాయి కాబట్టి ఈ మాట ధైర్యంగా అంటున్నాను. ఆ రోజుల్లో మేం గోడకు అతికించిన నోటీసులు ముందు సైక్లోస్టైల్ కాగితాలు, తర్వాత మసకబారిన జిరాక్సులు. ‘జీపు ఒకటి, నడిచే స్థితిలో లేదు, ఉన్నది ఉన్నట్టుగా, ఉన్నచోటనే’ అని ఒక వాక్యం. కింద అధికారి సంతకం, పక్కన పడీ పడనట్టు గుండ్రటి స్టాంపు. ఇప్పుడు హైదరాబాద్ తార్నాకలో పిల్లల ఫోన్లకు వచ్చే నోటీసులు చూడండి. మూడు సింహాల ముద్ర, బ్యాంకు లోగో, నాలుగు పక్కల నుంచి తీసిన కారు ఫొటోలు, అడుగున క్యూఆర్ కోడు. అసలుదాన్ని చూస్తే నమ్మబుద్ధి కాదు, దొంగదాన్ని చూస్తే అనుమానించబుద్ధి కాదు.

వేలం కారు పేరుతో మోసపోయిన వాళ్లను ‘అత్యాశకు పోయారు’ అని మందలించడం మనకు అలవాటైపోయింది. ప్రెస్‌మీట్లలో అదే మాట, ఇళ్లలో అదే మాట. నేను ఒప్పుకోను. అసలు వేలం వేసే బ్యాంకులు, ఫైనాన్స్ కంపెనీలు, ప్రభుత్వ ఆఫీసులు కొనేవాడికి చెప్పాల్సినవి చెప్పకుండా దాచుకుంటున్నంత కాలం దొంగలకు పని సులువే. అసలు నోటీసులో చాసిస్ నంబరు తప్పకుండా ఉంటుందని జనానికి తెలిస్తే, అది లేని నోటీసు దొంగదని చిన్నపిల్లవాడైనా చెప్పేస్తాడు. అసలువాటిలోనే ఉండనప్పుడు ఎవరు మాత్రం ఏం చూసి పోల్చుకోవాలి?

మొన్న ఆర్ట్స్ కాలేజీ ముందు వాకింగ్ ముగించుకుని తార్నాక వైపు వస్తుంటే ఒక పరిశోధక విద్యార్థి ఎదురయ్యాడు. మానుకోట పక్క తండా నుంచి వచ్చినవాడు. హాస్టల్ సామాన్ల ఇండెంట్ల రోజుల నుంచి ఎవరి ద్వారానో అతనికి నేను తెలుసు.

“మేడమ్, మీరు వేలం పాటలు పెట్టిచ్చిన్రు గదా, ఇది జర చూడుండ్రి” అని ఫోన్ చేతికిచ్చాడు.

ఒక జాతీయ బ్యాంకు పేరుతో నోటీసు. అప్పు కట్టనందుకు సీజ్ చేసిన వాహనాల వేలం. స్విఫ్ట్ డిజైర్, 2019 మోడల్, సర్కారు వారి పాట 1,45,000 రూపాయలు. ధరావత్తు 9,999. సాయంత్రం 5 గంటల్లోగా కట్టాలి, పాట దక్కకపోతే 24 గంటల్లో వాపస్. ఆ 9,999 చూడగానే నాకు నవ్వొచ్చింది. ధరావత్తు ఎప్పుడైనా పాటలో ఇంత శాతమనో, పదివేలనో, పాతికవేలనో గుండుగా ఉంటుంది. చెప్పుల షాపులో చీటీ మీద ధరలాగా పెట్టే ఆఫీసును నేనింతవరకూ చూడలేదు.

“చాసిస్ నంబరేది నాయనా?”

“ఇయ్యలేదు మేడమ్.”

“బండి ఏ యార్డులో ఉంది? ఏ రోజు పోయి చూసుకోవాలి?”

“అడిగిన. ముందు గేట్‌పాస్‌కు రెండు వేల అయిదు వందలు కట్టుమన్నరు.”

“ఆ కోడు స్కాన్ చెయ్యి. పిన్ కొట్టకు. పేరు ఎవరిది వస్తదో చూడు.”

వచ్చింది ఒక వ్యక్తి పేరు. బ్యాంకు ధరావత్తు బ్యాంకు ఖాతాలోకి పోతుంది గానీ ఎవరో కుర్రవాడి యూపీఐకి పోదు. నోటీసులో ఉన్న నంబరు వదిలేసి, బ్యాంకు సొంత వెబ్‌సైట్‌లో బ్రాంచి నంబరు తీసి ఫోన్ చేయించాను. అలాంటి వేలమేదీ లేదన్నారు. ఇంతా చేసి ఆ పిల్లవాడు అడిగిన ప్రశ్న మాత్రం నన్ను ఆపింది. “మరి అసల్ది ఎట్ల ఉంటది మేడమ్?”

అతన్ని అత్యాశపరుడు అందామా? జేఆర్‌ఎఫ్ ఫెలోషిప్పు 2023 జనవరి నుంచి నెలకు 37,000. చేతికొచ్చేది మాత్రం నెలనెలా కాదు. నెలలు నిలిచిపోయి ఒక్కసారి ఖాతాలో పడుతుంది. పడ్డ రోజున అది ఇంటికి అప్పు తీర్చాలా, ఊళ్లో ఖాళీగా ఉన్న తమ్ముడికి బతుకుదెరువు చూపాలా అన్న లెక్క మొదలవుతుంది. తమ్ముడు కారు కిరాయికి తిప్పుతానన్నాడు. (తెల్ల నంబరు ప్లేటుతో కిరాయికి తిప్పడం చట్టం ఒప్పుకోదని నేను చెప్పాను. అతని ముఖం చూశాక అది ఇంకో రోజు చెప్పాల్సిందనిపించింది.) కొత్త కారు కొనలేనివాడు పాతకారు చూస్తాడు, పాతకారు ధర కూడా అందనివాడు వేలం వైపు చూస్తాడు. ఇందులో ఆశ ఉంది, అవసరం ఉంది. అతి ఎక్కడుంది?

అసలుది ఎలా ఉంటుందో చూపిద్దామని అదే వారం జరిగిన ఒక పేరున్న ఫైనాన్స్ కంపెనీ వేలం జాబితా సంపాదించాను. చూపించడానికి సిగ్గేసింది. రిజిస్ట్రేషన్ నంబరులో చివరి అంకెలు చుక్కలతో కప్పేశారు. ఆర్సీ గడిలో ‘లేదు’. తాళంచెవి గడిలో ‘లేదు’. కిలోమీటర్ల గడిలో ‘తెలియదు’. చలాన్లు, పన్ను బకాయిల ఊసే లేదు. షరతుల్లో మాత్రం ‘ఉన్నది ఉన్నట్టుగా’ అన్న మాట మళ్లీ మళ్లీ రాశారు. బండి పేరు మీద మారకపోతే కంపెనీకి బాధ్యత లేదన్నది చివరి షరతు. ఇది అసలుది!

‘ఉన్నది ఉన్నట్టు’ అన్న షరతును నేనూ రాశాను. కాబట్టి దాని హద్దు ఎంతో చెప్పగలను. ఇంజను కొడుతుందో లేదో, టైర్లు అరిగాయో లేదో, అది కొనేవాడు చూసుకోవాలి. బండి నాణ్యత సంగతి అది. ఈ బండిని అమ్మే హక్కు నాకుందా లేదా అన్నది వేరే సంగతి. 1930 నాటి సరుకుల విక్రయ చట్టం 14వ సెక్షన్ ప్రకారం అమ్మేవాడికి అమ్మే హక్కుందన్నది ఒప్పందంలో రాయకపోయినా ఉన్నట్టే లెక్క, పరిస్థితులు వేరుగా చెబితే తప్ప. ఆ ‘తప్ప’ను పట్టుకునే కంపెనీలు పేజీలకు పేజీలు షరతులు రాస్తున్నాయి. తుప్పుకు రాసుకున్న షరతును కాగితాల మీదికి లాగుతున్నాయి. ఇది తప్పు.

సీజ్ బండి కాగితాల కథ కొంచెం ఓపిగ్గా వినాలి. అప్పు మీద కొన్న కారు ఆర్సీలో ఫైనాన్స్ కంపెనీ పేరు హెచ్‌పీ (అప్పుకు తనఖా) కింద ఉంటుంది, ఓనరు పేరు ఓనరుదే. వాయిదాలు తప్పితే కంపెనీ బండి తెచ్చేసుకుంటుంది. అంతమాత్రాన ఆర్సీ మారదు. ఓనరు ఆర్సీ ఇవ్వనన్నా, కనిపించకుండా పోయినా, మోటారు వాహనాల చట్టం 51వ సెక్షన్ ఒక దారి చూపించింది. కంపెనీ ఫారం 36తో ఆర్టీఏకు దరఖాస్తు చేసుకోవాలి, ఆర్టీఏ పాత ఓనరుకు నోటీసిచ్చి అతని మాట చెప్పుకునే వీలిచ్చాక కంపెనీ పేరున కొత్త ఆర్సీ ఇస్తుంది. అప్పుడు కంపెనీయే ఓనరు, దర్జాగా అమ్ముకోవచ్చు.

ఎంతమంది చేస్తున్నారు? అప్పు ఇచ్చిన రోజే ఓనరుతో పేరు మార్పిడికి వాడే ఖాళీ ఫారం 29, 30 మీద సంతకాలు పెట్టించుకుని బీరువాలో పెట్టుకునే వాళ్లున్నారు. వేలంలో గెలిచినవాడికి ఆ పాత సంతకాల ఫారాలు, హెచ్‌పీ తీసేయడానికి ఫారం 35, ఒక రిలీజ్ లెటరు చేతిలో పెట్టి పంపిస్తారు. కొన్నవాడు ఆర్టీఏకు పోతాడు. సంతకం కలవదు. లేదా పాత ఓనరు అప్పటికే కోర్టుకో వినియోగదారుల కమిషన్‌కో వెళ్లి ఉంటాడు. వెళ్లడానికి అతనికీ కారణం ఉంటుంది. గూండాలను పెట్టి బండ్లు గుంజుకోవడం కుదరదని ఐసీఐసీఐ బ్యాంకు, ప్రకాశ్ కౌర్ కేసులో సుప్రీంకోర్టు 2007లోనే తేల్చి చెప్పింది. అలా గుంజుకున్న బండి మీద తగువు నడుస్తుంటే ఆ తగువుతో సహా మీరు కొన్నట్టే.

పేరు మారకపోయినా నడుపుకుంటే పోలా అనేవాళ్లుంటారు. వాళ్లకు 2018 ఫిబ్రవరిలో వచ్చిన నవీన్ కుమార్, విజయ్ కుమార్ తీర్పు చెప్పాలి. బండి పలు చేతులు మారింది, ఆర్సీ మాత్రం మారలేదు. ప్రమాదం జరిగింది. చట్టం దృష్టిలో ఓనరు అంటే ఆర్సీలో పేరున్నవాడేనని, పరిహారం బాధ్యత అతనిదేనని సుప్రీంకోర్టు చెప్పింది. అందుకే కారు పోగొట్టుకున్న పాత ఓనరు ఎప్పుడైనా మిమ్మల్ని వెతుక్కుంటూ రావచ్చు. మీ సంగతా? బండి పోతే ఇన్సూరెన్సు రాదు, అమ్ముదామంటే కొనేవాడుండడు. పేరు మార్పిడికి కొన్నవాడికి చట్టం ఇచ్చిన గడువు 30 రోజులు. ఇన్సూరెన్సు బదిలీకి 14 రోజులు.

ప్రభుత్వం వేసే వేలాల దారి వేరు. అక్కడ ఫారం 32 ఉంది, కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో 57వది. వేలం నిర్వహించిన అధికారి సంతకంతో పాట ఖాయం చేసిన ఉత్తర్వు, అసలు ఆ వేలానికి అనుమతిచ్చిన ప్రభుత్వ ఉత్తర్వు ధ్రువీకరించిన నకలు, ఈ రెండూ జతచేసి బండి చేతికొచ్చిన 30 రోజుల్లో దరఖాస్తు పెట్టుకోవాలి. ఎక్సైజ్ స్టేషన్‌లో పట్టుబడ్డ బండి పాడేవాళ్లు రసీదు జేబులో పెట్టుకుని వెళ్లిపోవడం చూశాను. రెండో కాగితం అక్కడే, ఆ రోజే, అదే బల్ల ముందు అడగాలి. ఆ తర్వాత ఆ ఆఫీసు చుట్టూ తిరిగే బాధ ఏమిటో ఆఫీసుల్లో పనిచేసినదానిగా నాకు తెలుసు. అధికారి బదిలీ అవుతాడు, ఫైలు కిందికి పోతుంది.

పోలీసుల దగ్గర దిక్కూమొక్కూ లేకుండా పడి ఉన్న బండ్ల వేలం ఇంకో రకం. హైదరాబాద్ కమిషనరేట్ల పరిధిలో ముందు ప్రకటన ఇస్తారు. ఓనర్లు, ఫైనాన్స్ వాళ్లు ఎవరైనా ఉంటే ఆరు నెలల్లోగా వచ్చి క్లెయిము చేసుకోమంటారు, రాకపోతే వేలం. పట్టుకున్న బండ్లను స్టేషన్ల ముందు తుప్పు పట్టనివ్వవద్దని 2002లో సుందర్‌భాయ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పినా ఏ స్టేషన్ ముందైనా అవే అస్థిపంజరాలు. ఇలాంటి వాటిలో ఎక్కువ భాగం తుక్కు కిందే పోతాయి. ‘పోలీసు వేలంలో కొన్న నడిచే కారు, కాగితాలు తర్వాత వస్తాయి’ అని ఎవరైనా అమ్మజూపితే ఆ కాగితాలు రావు.

నా పాత సెక్షన్‌కు సంబంధించిన ఒక మాట. ‘యూనివర్సిటీ కండెమ్ చేసిన బొలెరో, ఆఫీసర్ వాడిన బండి, కొత్త ఆర్సీ చేయించి ఇస్తాం’ అనే బేరగాళ్లు క్యాంపస్ చుట్టుపక్కల తిరుగుతుంటారు. 2023 ఏప్రిల్ 1 నుంచి కేంద్ర, రాష్ట్ర ప్రభుత్వాల, మున్సిపాలిటీల, ఆర్టీసీల, స్వయంప్రతిపత్తి సంస్థల వాహనాలకు 15 ఏళ్లు దాటాక రిజిస్ట్రేషన్ రెన్యువల్ లేదు. అవి గుర్తింపు పొందిన తుక్కు కేంద్రాలకే పోవాలి. కాబట్టి పదిహేనేళ్లు నిండిన సర్కారు బండిని రోడ్డెక్కిస్తానన్నవాడు అబద్ధమాడుతున్నాడు, అంతే. ఇక్కడ చర్చే లేదు.

ఇక యార్డులో చూడాల్సింది. పిల్లలు బండి చూడ్డానికి పోతే ఇంజనీరింగ్ కాలేజీ నుంచి మెకానికల్ చదివే స్నేహితుణ్ని తీసుకుపోతారు. వాడు బానెట్ ఎత్తి ఇంజను చప్పుడు విని తలాడిస్తాడు. నన్నడిగితే లా కాలేజీ పిల్లను తీసుకుపొమ్మంటాను. ఇంజను చెడితే పాతికవేలో ముప్ఫైవేలో, కాగితం చెడితే మొత్తం బండే పాయె.

మెకానిక్ చేయని పని ఒకటి నేను నేర్చుకున్నాను. పాత మోటారు వెహికిల్ ఇన్‌స్పెక్టర్లు చేసేవారు. చాసిస్ నంబరు చెక్కిన చోట, సాధారణంగా ఇంజను వెనక ఇనుప గోడ మీదో సీటు కిందో ఉంటుంది, నూనె మరకలు తుడిచి తెల్లకాగితం పెట్టి పెన్సిల్‌తో అడ్డంగా రుద్దాలి. అంకెలు కాగితం మీదికి దిగుతాయి. కంపెనీ కొట్టిన నంబరైతే లోతు ఒకేలా ఉంటుంది, వరస తిన్నగా ఉంటుంది. రాకి మళ్లీ కొట్టినదైతే అంకెల చుట్టూ సన్నని గీతలు దిగుతాయి, ఒక అంకె కింద ఇంకో అంకె నీడ పడుతుంది. చుట్టుపక్కల పెయింటు కంటే అక్కడి పెయింటు కొత్తగా ఉంటుంది. చాసిస్ నంబరులో 17 అక్షరాలు, అంకెలు ఉంటాయి. ఐ, ఓ, క్యూ అన్న ఇంగ్లిషు అక్షరాలు అందులో వాడరు. సున్నా అనుకున్నది ‘ఓ’లాగా కొట్టి ఉంటే అది ఫ్యాక్టరీ పని కాదు. ఆ పెన్సిల్ కాగితం మడిచి పర్సులో పెట్టుకుని, ఆర్సీ వచ్చాక పక్కపక్కన పెట్టి చదవండి, ఒక్కో అక్షరం.

ఇంకోటి చలాన్లు. తెలంగాణ ఈ-చలాన్ సైట్‌లో బండి నంబరు కొడితే బకాయిలు వస్తాయి, కెమెరా పట్టినవాటికి ఫొటో కూడా ఉంటుంది. జనం రూపాయలు చూసి మూసేస్తారు. ఫొటో చూడండి. తెలిసినవాళ్ల అబ్బాయి చూసిన ఒక తెల్ల కారుకు చలాన్ ఫొటోలో ఎర్ర కారుంది! రంగు మార్చి ఆర్సీలో రాయించలేదా, నంబరు ప్లేటే వేరే బండిదా అన్నది తేలేదాకా పాటకు పోవద్దన్నాం. తేలలేదు, పోలేదు.

ఇన్సూరెన్సు వాళ్లు అమ్మే దెబ్బతిన్న కార్ల సంగతి అందరికంటే ముందు పోలీసులు పట్టించుకోవాలి. బాగుచేసే ఖర్చు కారు బీమా విలువలో 75 శాతం దాటితే మొత్తం నష్టం కింద లెక్క కట్టి ఓనరుకు డబ్బిచ్చేసి, మిగిలిన తుక్కును వేలం వేస్తారు. ఆ తుక్కుతో ఆర్సీ కూడా పోతే దొంగలకు కావాల్సింది అదే. అదే మోడల్, అదే రంగు కారు ఎక్కడో కొట్టేసి, తుక్కు కారు చాసిస్ నంబరు దానికి కొట్టి, అసలు ఆర్సీతో అమ్ముతారు. కాగితం అసలుదే, కారే దొంగది. ఉత్తరాదిలో ఇలాంటి ముఠాలు చాలాసార్లు పట్టుబడ్డాయి. నడవలేని స్థితికి చేరిన బండి ఆర్సీని రద్దు చేయించాలని మోటారు వాహనాల చట్టం 55వ సెక్షన్ చెబుతోంది. ఓనరు 14 రోజుల్లో ఆర్టీఏకు తెలపాలి. తెలపడం లేదు, అడిగేవాళ్లూ లేరు.

వరద కార్లు కూడా ఈ దారినే వస్తాయి. 2020 అక్టోబరులో మన నగరంలో, 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడలో ఎన్ని కార్లు నీళ్లలో నానాయో అందరం టీవీల్లో చూశాం. అవన్నీ ఏమయ్యాయి? కడిగి, సెంటు కొట్టి, వేరే జిల్లాలో నిలబెడతారు. సీటుబెల్టును చివరిదాకా లాగి చూడండి, పై మూర కడుగుతారు గానీ లోపల చుట్టలో ఉన్నది కడగరు. మట్టి చార ఉంటే దండం పెట్టి వచ్చేయండి.

పాట దగ్గర జరిగే మోసం వేరు. అక్కడ కార్లు బాగానే ఉంటాయి, మనుషులే రింగవుతారు. పాత బండ్ల వ్యాపారులు ముందే కూడబలుక్కుని, ఇవ్వాళ ఇది నీది, రేపు అది నాది అని పంచుకుంటారు. కొత్తగా వచ్చిన మొహం కనిపిస్తే పక్కకు పిలిచి ‘గుడ్‌విల్’ ఇస్తామంటారు, వినకపోతే ఆ మొహం చేత లేనిపోని ధర పాడించి వదిలేస్తారు. బిడ్లలో కుమ్మక్కు కావడం కాంపిటీషన్ చట్టం కింద తప్పు. రెండోవైపు, అమ్మేవాడే తన మనిషిని జనంలో కూర్చోబెట్టి ధర పెంచడమూ ఉంది. ఆన్‌లైన్ వేలంలో ఆ మనిషి కనిపించనే కనిపించడు. ఇలా ఉత్తుత్తి పాట పాడించి ధర పెంచితే ఆ అమ్మకాన్ని రద్దు చేసుకునే హక్కు కొన్నవాడికి ఉందని 1930 నాటి సరుకుల విక్రయ చట్టం 64వ సెక్షన్ చెబుతోంది. నిరూపించడం కష్టమే, అయినా ఆ హక్కు ఉందని ఏ వేలం షరతుల్లోనూ నేను చదవలేదు. కొనేవాడి తప్పులకు మాత్రం ధరావత్తు జప్తు అని బొద్దు అక్షరాల్లో ఉంటుంది.

మన సికింద్రాబాద్ పక్కనే కంటోన్మెంటు ఉండటం మరో రకం మోసానికి బాగా కలిసొచ్చింది. ‘ఆర్మీ ఆఫీసర్ని, బదిలీ అయింది, కారు ఎయిర్‌పోర్టు పార్కింగులో ఉంది, అర్జెంటుగా అమ్మేయాలి’ అనే మెసేజీ. యూనిఫాంలో ఫొటో, క్యాంటీన్ కార్డు, అన్నీ పంపుతారు. ఇంకెక్కడివాళ్లయినా అనుమానిస్తారేమో గానీ లాలాగూడ, తిరుమలగిరి, తార్నాక వాళ్లకు పొద్దున లేస్తే ఆలివ్‌గ్రీన్ జీపులు కనిపిస్తాయి, నమ్మేస్తారు. ఇలాంటి మెసేజీలు పంపే భరత్‌పూర్, మేవాత్ వైపు ముఠాల కోసం మన పోలీసులు అక్కడిదాకా వెళ్లి రావాల్సి వచ్చింది. కస్టమ్స్ వాళ్లు పట్టుకున్న విదేశీ కార్లు వేలంలో ఇప్పిస్తామన్నది ఈ మోసానికి పెద్దన్న. సైన్యం కార్ల వేలం అనగానే ఎంత దూరం పోతుందో కేరళ చూసింది. భూటాన్ సైన్యం వేలంలో అమ్మేసిన పాత బండ్లను దొంగదారిన సరిహద్దు దాటించి, హిమాచల్ లాంటి రాష్ట్రాల్లో దొంగ కాగితాలతో రిజిస్టర్ చేయించి అమ్మారన్న ఆరోపణ మీద 2025 సెప్టెంబరు 23న కొచ్చి కస్టమ్స్ ‘ఆపరేషన్ నుంఖోర్’ పేరుతో సోదాలు చేసింది. సినిమా నటుల ఇళ్లూ వదల్లేదు. వాళ్లకు అత్యాశ అంటారా, అవసరం అంటారా? లాయర్లు, ఆడిటర్లు చుట్టూ ఉన్నవాళ్ల వాకిట్లోకే ఆ కార్లు వచ్చాయంటే, హాస్టల్ గదిలో ఒంటరిగా ఫోన్ చూసుకునే పిల్లవాడు ఏపాటి?

అందుకే బాధ్యతను మళ్లీ అమ్మేవాడి దగ్గరికే తీసుకుపోవాలంటున్నాను. పాతకార్ల డీలర్లకు ఆర్టీఏ అనుమతి తప్పనిసరి చేస్తూ, బండి చేతికొచ్చిన దగ్గర్నుంచి బాధ్యత డీలరుదేనంటూ కేంద్రం 2022 డిసెంబరులో నిబంధనలు తెచ్చింది, 2023 ఏప్రిల్ నుంచి అమల్లోకి వచ్చాయి. వేలం వేసే ఫైనాన్స్ కంపెనీకి కూడా అంతే గట్టి నిబంధన ఎందుకుండదు? సీజ్ బండిని 51వ సెక్షన్ కింద తన పేరున మార్చుకున్నాకే వేలానికి పెట్టాలి. ఖర్చు పెరుగుతుందంటారు. పెరగనీయండి, పాట ధరలో కలుపుకోండి. కొనేవాడు అయిదువేలు ఎక్కువ పెట్టడానికి సిద్ధమే, ఆర్సీ వస్తుందని తెలిస్తే. బీమా కంపెనీ తుక్కు అమ్మే ముందు ఆర్సీ రద్దు కాగితం చూపించాలి. ప్రతి నోటీసులో, అది గోడ మీదైనా ఫోన్‌లోనైనా, పూర్తి చాసిస్ నంబరు, హెచ్‌పీ ఉందా తీసేశారా, ఆ తేదీ నాటికి పన్ను, చలాన్ బకాయిలెంత, బండి ఎక్కడుంది, చూపించే రోజు, డబ్బు కట్టాల్సిన సంస్థ ఖాతా పేరు ఉండాలి. ఇవి రాయడానికి ఒక క్లర్కుకు పది నిమిషాలు చాలు. ఆ క్లర్కు ఉద్యోగం చేసినదాన్నే చెబుతున్నాను.

ఆ పిల్లవాడు డబ్బు కట్టలేదు. కట్టినవాళ్లు సిగ్గుపడి ఊరుకోకండి. వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి, ఎంత త్వరగా చేస్తే అవతలి ఖాతాలో డబ్బు ఆపే వీలు అంత ఎక్కువ. వెనక్కిచ్చే డిపాజిట్ అంటూ రెండోసారి అడిగితే అసలు కట్టకండి, మొదటిది రాబట్టుకోవడానికి అని కూడా కట్టకండి.

రవాణా శాఖ కమిషనర్ గారికి ఒక విన్నపం. ఉప్పల్, తిరుమలగిరి ఆర్టీఏ ఆఫీసుల గోడల మీద హెల్మెట్ గురించి, తాగి నడపడం గురించి బోర్డులున్నాయి. వాటి పక్కనే వేలంలో బండి కొనేవాళ్లు ఏయే కాగితాలు తీసుకోవాలో తెలుగులో, ఉర్దూలో ఒక బోర్డు పెట్టించండి. ఆ కాగితాలివ్వకుండా అమ్మిన కంపెనీకి మీ ఆఫీసు నుంచే నోటీసు పోవాలి.